ఎవరూ చూడని చేతులు

హత్య జరిగిన గదిలో ముందు ఏం చూడాలన్న విషయంలో పోలీసులకూ, పోలీసు ఉద్యోగం వదిలిపెట్టినవాళ్ళకూ ఏనాడూ పొసగదు. ఇన్‌స్పెక్టరు రక్తాన్ని చూశాడు. ఆమె కుర్చీలను చూసింది.

పొడవాటి బల్లకు ఒకవైపు రెండు కుర్చీలు. అవి ఫుట్‌బాల్ క్లబ్బు డైరెక్టరువీ, ఆయన వెంట వచ్చిన లాయరువీ. రెండోవైపు ఒకటే కుర్చీ. పొద్దుటి నుంచి అందులో ఒంటరిగా కూర్చుని, ఒక గోల్‌కీపరు జీతం కోసం ఆ ఇద్దరితో పోట్లాడిన ఏజెంటు, మధ్యాహ్నం భోజన విరామంలో తల పగిలి చనిపోయాడు. దేహాన్ని తీసుకుపోయి గంట దాటింది. తివాచీ మీద సుద్దగీత, దాని పక్కన మూత తీయని భోజనం డబ్బా మిగిలాయి. బేరం తెగేదాకా ఎదుటిపక్షంతో కలిసి తినకూడదన్నది ఆయన పద్ధతట. అందుకే వాళ్ళిద్దరూ కింది భోజనశాలకు దిగినా ఆయన ఇక్కడే ఉండిపోయాడు.

ఒక్క మనిషికి సరిపడా డబ్బా అది. అలాంటిది ఆమె ఇంట్లోనూ ఒకటుంది. రెండోది కొనవలసిన అవసరం ఇంతవరకూ రాలేదు.

"చూశారుగా, మేడమ్‌గారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు గుమ్మానికి ఆనుకుని. "ఇంకా చూడాలంటే టికెట్టు పెట్టాల్సొస్తుంది."

ఆరేళ్ళ క్రితం దాకా అతను ఆమె కింద పనిచేసినవాడే. ఆ రోజుల్లో శాఖలో ఆమెను చాటుగా 'సూది' అనేవారు. ఆ పేరు పెట్టింది అతనేనని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసునన్న సంగతి అతనికీ తెలుసు. ఇద్దరి మధ్యా మిగిలిన చనువు అంతమాత్రమే. ఇప్పుడామె ప్రైవేటు డిటెక్టివు. ఆటగాళ్ళ సంఘం గోల్‌కీపరు తరఫున పంపితే వచ్చింది గనుక అతను గదిలోకి రానివ్వక తప్పలేదు.

"నీ కథేదో ఒకసారి చెప్పు," అందామె.

"కథ కాదండీ, కేసు. ఒంటిగంటకు వీళ్ళు భోజనానికి దిగారు. ఒంటిగంటన్నరకు తిరిగొచ్చేసరికి మీ గోల్‌కీపరు శవం పక్కన నిలబడున్నాడు. కొట్టింది ఈ అలమారలో ఉండే, క్లబ్బు గెలిచిన కప్పుతో. బరువు చూడండి, ఒంటిచేత్తో లేవదు. రెండు పిడులూ పట్టుకుని ఎత్తాడు, రెండింటి మీదా గ్లౌజుల జాడలున్నాయి. ఆ గ్లౌజులు కింద ఫిజియో గదిలో అతని బ్యాగులోనే, తువ్వాలు కింద దొరికాయి. కొట్టాడు, కిందికెళ్ళి గ్లౌజులు దాచాడు, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పైకొచ్చాడు. దొరికిపోయాడు."

"ఎందుకు కొట్టాడు?"

"జీతం, మేడమ్. ఈ క్లబ్బులో గోల్స్ కొట్టే స్ట్రైకరు ఒక్క వారంలో తీసుకునేది నేను రిటైరయ్యేదాకా సంపాదించను. అందరి జీతాలూ ఆకాశాన్నంటాయి. మన గోడగారిది మాత్రం గోడలాగే ఉన్నచోటే ఉంది. పధ్నాలుగేళ్ళుగా లోపల కుళ్ళుతూనే ఉంటాడు. ఇవాళ కూడా తేలేట్టు లేదనుకున్నాడు, మండింది."

'గోడ' అన్నది ఆ గోల్‌కీపరుకు అభిమానులు పెట్టుకున్న పేరు.

"ఇవాళ తేలింది," అందామె. "స్ట్రైకరు జీతంలో సగానికి, మూడేళ్ళకు ఒప్పుకున్నామని డైరెక్టరే చెప్పాడు. ఏ గోల్‌కీపరుకూ ఎవరూ అంత ఇచ్చి ఉండరట. అది తెచ్చిపెట్టినవాణ్ణి చంపుతాడా?"

"తేలిందని కిందున్నవాడికి తెలియదుగా."

జవాబు బాగానే ఉంది. తాను నేర్పినవాడే కదా అనుకుని ఆమె బల్ల మీదికి వంగింది. అంచున ఒకచోట చెక్క కొత్తగా చితికి ఉంది.

"కప్పు ముందు జారి ఇక్కడ పడింది. చేతిలోకి వచ్చినదాన్ని జారనివ్వకపోవడమే అతని వృత్తి."

"పోయినేడాది ఫైనల్లో జార్చాడుగా. మా బావమరిది రెండ్రోజులు అన్నం ముట్టలేదు."

పారదర్శకమైన సంచిలో ఉన్న గ్లౌజులను ఆమె దీపం కిందికి జరుపుకుంది. అరచేతుల మీద రక్తం గడ్డకట్టింది. మణికట్టు దగ్గర, లోపలివైపు, సన్నటి తెల్లని పొడి.

"ఇదేంటి?"

"పౌడరు. చెమటకు వేసుకుంటారు."

"అతని చేతులు చూశావా?"

"చాపిన చెయ్యి మీద రక్తముందా అని చూశా. లేదు. గ్లౌజులు దొరికాక ఇంక చేతులతో పనేముంది?" ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. "కాంట్రాక్టు నమోదుకు ఇవాళ సాయంత్రం ఆరు ఆఖరు. ఈ ఒక్కరోజులో ఇంకో కీపరు దొరకడట. అప్పటిదాకా సంకెళ్ళు వెయ్యొద్దు, మీరు వదిలేస్తే సంతకం చేయించుకుంటామని డైరెక్టరు నా చేతులు పట్టుకున్నంత పని చేశాడు. సరే అన్నా. ఆరు కొట్టగానే వేస్తా. ఇప్పుడు నాలుగు కావస్తోంది. మీ ఇష్టం."

ఆమె మెట్లు దిగింది.

*

ఫిజియో గదిలో ఎత్తయిన బెంచీ మీద గోల్‌కీపరు కూర్చుని ఉన్నాడు. పొడగరి గనుక అక్కడ కూర్చున్నా అతని పాదాలు నేలకు ఆనుతూనే ఉన్నాయి. ట్రాక్‌సూటు గొంతుదాకా జిప్పు వేసుకుని, కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం బయట కానిస్టేబులు. లోపల గోడవారగా అలమారలో కట్టుబట్టలు, లేపనాలు, పలచని రబ్బరు గ్లౌజుల డబ్బా. బ్యాగును పోలీసులు తీసుకుపోయినచోట నేల ఖాళీగా ఉంది.

"సంఘం వాళ్ళు పంపితే వచ్చాను. నీ తరఫున మాట్లాడటానికి."

"నా తరఫున మాట్లాడటానికి బాబాయ్ ఉండేవాడక్కా," అన్నాడతను. ఆటగాళ్ళందరూ ఆ ఏజెంటును బాబాయ్ అనే పిలిచేవారు. "ఆయన్ని తీసుకెళ్ళడానికి ఎవరైనా వచ్చారా?"

"ఇంకా ఎవరూ రాలేదు."

"రారు. ఎవరూ లేరాయనకి. మేమే." గుమ్మం వైపు చూసి, "మా ఆవిడకి ఫోను చెయ్యలేదు నేను. ఈపాటికి టీవీలో చూసే ఉంటుంది."

"ఇక్కడ ఉండరా వాళ్ళు?"

"ముప్పై దాటిన దగ్గర్నుంచి నాకు ఏడాదికో కాంట్రాక్టే ఇస్తున్నారు. ఏడాది కోసం పాపని స్కూలు మాన్పించి తీసుకురాలేం కదా. వాళ్ళు అక్కడ, నేనిక్కడ. ఇది మూడేళ్ళది. ఇల్లు కూడా చూసి పెట్టాను. పాపకి విడిగా గదుంది."

అతను చెప్పింది జీతం గురించి కాదని, గది గురించని ఆమె గమనించింది. బల్ల మీది నీళ్ళసీసా అందించింది. అతను ఎడమచేత్తో అందుకుని, మోకాళ్ళ మధ్య బిగించి మూత తిప్పాడు. కుడిచెయ్యి జేబులోంచి కదలలేదు.

"ఆటగాడు బేరం గదిలోకి రాకూడదన్నది మీ బాబాయ్ నియమమట కదా?"

"అవునక్కా. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు చూడండి, ఆ గదంతా అంతే. జీతం తగ్గించడానికి వాళ్ళు నా తప్పులన్నీ ఏకరువు పెడతారు. వయసైపోయింది, ఎడంపక్కకి దూకలేడు, ఫైనల్లో వదిలేశాడు. అవన్నీ చెవులారా విన్నవాడు మళ్ళీ గోలు ముందు ధైర్యంగా నిలబడలేడంటాడు బాబాయ్. అందుకని నన్నిక్కడ కూర్చోబెట్టి, టీవీ పెట్టి, సౌండు పెంచి మరీ వెళ్తాడు. ప్రతిసారీ అంతే."

"మరి ఇవాళ ఎందుకు వెళ్ళావు?"

అతను సీసా మూత బిగించే ప్రయత్నంలో ఉన్నాడు. అది వంకరగా కూర్చుంది.

"కుడిచెయ్యి ఒకసారి బయటికి తియ్యి."

"చలిగా ఉందక్కా."

"చలి ఒక్క చేతికే వెయ్యదు. నీ బూట్ల తాళ్ళు కట్టుకోలేదు, లోపలికి దోపుకున్నావు. పది నిమిషాల నుంచి ముక్కు కూడా ఎడమచేత్తోనే తుడుచుకుంటున్నావు. నేను పోలీసుల మనిషిని కాదు. తియ్యి."

చాలాసేపటికి తీశాడు. ఉంగరపువేలూ చిటికెనవేలూ ఒక చిన్న బద్దకు కలిపి కట్టి ఉన్నాయి. చెయ్యంతా ఉబ్బి, కట్టు దాటి మణికట్టు దాకా నీలం పాకింది. గ్లౌజు మాట అటుంచి, చొక్కా చెయ్యి దూర్చుకోవడమే కష్టమైన చెయ్యి అది.

"ప్రాక్టీసులో స్తంభానికి కొట్టుకుంది. తొమ్మిది రోజులైంది. కట్టింది ఫిజియో. ఇంక ఎవ్వరికీ తెలీదు. మా ఆవిడకి చెప్పలేదు. బాబాయ్‌కీ చెప్పలేదు."

"పొద్దున వైద్యపరీక్ష జరిగింది కదా? డాక్టరుకు ఎలా తెలియలేదు?"

అతను మొదటిసారి నవ్వాడు. అందులో సంతోషం లేదు.

"డాక్టరుగారు పరీక్షల రోజునే వస్తారక్కా. గుండె చూశారు. మోకాళ్ళు చూశారు. చీలమండలు తిప్పి చూశారు. చేతికి తువ్వాలు చుట్టుకుని యంత్రం మీద పరిగెత్తాను, బాగుంది అన్నారు. కాళ్ళాట కదా ఇది. గోల్‌కీపరుకైనా అదే పరీక్ష. పధ్నాలుగేళ్ళలో నా చేతులు చూసిన డాక్టరు లేడు."

ఏ వస్తువును కొంటున్నారో దాన్ని తప్ప మిగతా అంతా పరీక్షించి కోట్లు పోసే మనుషులు. నవ్వు రావలసిన సంగతే.

"ఇవాళ విరామానికి ముందు బాబాయ్ ఒక్క నిమిషం కిందికొచ్చాడు. 'ఒప్పుకున్నట్టేరా. ఇంకొక్కటే షరతు. నీకూ, నా మిగతా ఆటగాళ్ళకూ అందరికీ బయటి ఆసుపత్రిలో మళ్ళీ పరీక్షలు చేయించాలి. క్లబ్బు డాక్టరు మాట ఇంక నమ్మను' అన్నాడు. పోయినేడాది బాబాయ్ దగ్గరి కుర్రాడొకడికి మోకాలు బాగుందని ఈ డాక్టరుగారే రాసిచ్చారు. నాలుగో ఆటకే మోకాలు పోయింది. మళ్ళీ ఆడలేదు. బాబాయ్ అది మర్చిపోలేదు. 'ముసలోడికి ఇంత జీతమా అని రేపెవడూ నోరెత్తకుండా ఉండాలిరా' అని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు." అతను కట్టు అంచు సర్దుకున్నాడు. "ఆయన నాకోసం చేసిన షరతే నన్ను పట్టిస్తుంది. దాని గురించి కాదక్కా నా బాధ. అక్కడ అందరి ముందూ ఆయన తలొంచుకోవాలి. అందుకని ముందే చెప్పేద్దామని పైకెళ్ళాను. వెళ్ళేసరికి వినేవాడు లేడు."

బయట కానిస్టేబులు దగ్గాడు. ఆమె గొంతు తగ్గించింది.

"వెళ్ళేదాకా ఈ గదిలోనే ఉన్నావా?"

"పక్క బాత్రూములో. బకెట్లో ఐసు వేసుకుని చెయ్యి పెట్టుకుని కూర్చున్నా, తలుపు గడియ పెట్టుకుని. ఎవరో వచ్చారు. బ్యాగు జిప్పు చప్పుడైంది. ఫిజియో తువ్వాలు తీసుకుంటున్నాడేమో అనుకున్నా. కాసేపటికి మళ్ళీ ఒకసారి."

"అడుగులు ఎలా ఉన్నాయి?"

"అప్పుడు నొప్పిలో పట్టించుకోలేదు. మళ్ళీ ఆ నడక వింటే చెప్తాననుకుంటా. గోలు ముందు మూకలో ఎవడు ఎటునుంచి వస్తున్నాడో కనపడదక్కా, అడుగుల్ని బట్టే పోల్చుకోవాలి. నా పనే అది."

"నీ గ్లౌజుల్లో పౌడరు వేసుకుంటావా?"

"పౌడరా? నీళ్ళతో తడుపుతామక్కా. పొడి గ్లౌజు జారిపోతుంది. పౌడరు వేస్తే ముద్ద కట్టి కూర్చుంటుంది."

ఆమె లేచి అలమారలోని డబ్బాలోంచి పలచని రబ్బరు గ్లౌజు ఒకటి లాగి, వేలితో రుద్దింది. వేలికి తెల్లగా అంటింది.

"ఇవి ఎవరు వాడతారు?"

"ఫిజియో. డాక్టరుగారు. ఇంకెవరికి పని?"

ఎవరో చేతులకు ముందు వీటిని తొడుక్కుని, వాటి మీద గోల్‌కీపరు గ్లౌజులు వేసుకున్నారు. తడపలేదు గనుక కప్పు ఒకసారి జారింది. ఇక్కడిదాకా దారి తిన్నగానే ఉంది. ఇక్కడే ఆగిపోయింది కూడా.

"ఆ చెయ్యి చూపిస్తే నువ్వు కొట్టలేదని ఎవరైనా ఒప్పుకుంటారు," అందామె. "కాంట్రాక్టు మాత్రం పోతుంది."

"ఆరింటికి ముందు సంతకం పెట్టేసి, తర్వాత చూపిస్తే?"

"సంతకం ఏ చేత్తో పెడతావు?"

అతను తల దించుకున్నాడు. "ఎడమచేత్తో ప్రాక్టీసు చేశానక్కా. వారం రోజుల నుంచి. రూములో ఒక్కణ్ణే కూర్చుని."

వద్దని చెప్పడం సులభమే. కానీ ఆమె ఇల్లు చూసిపెట్టుకున్న మనిషి కాదు, విడిగా గది కోసం ఎదురుచూసే పాప ఆమెకు లేదు. లేనివాళ్ళు ఉన్నవాళ్ళకు నీతులు చెప్పడం కంటే నీచం ఇంకొకటి లేదని ఆమె నమ్మకం. అందుకని అతని ముఖం వైపు కూడా చూడకుండా, వంకరగా కూర్చున్న సీసా మూతను తీసి సరిగ్గా బిగించింది.

"నేను సంతకం పెట్టేదాకా," అన్నాడతను నెమ్మదిగా, "బాబాయ్‌ని చంపినవాడు ఈ బిల్డింగులోనే తిరుగుతుంటాడు కదా."

"అవును."

"వాడు కూడా వచ్చి నాకు అభినందనలు చెప్తాడేమో."

అతను బెంచీ దిగాడు. తాళ్ళు కట్టని బూట్లతో జాగ్రత్తగా నడిచి, గుమ్మం దగ్గర ఆగి, "పదండక్కా," అన్నాడు.

*

బేరం గదిలోకి అతను అడుగుపెట్టడం పధ్నాలుగేళ్ళలో ఇది రెండోసారి. మొదటిసారి కూడా ఇవాళే. ఇన్‌స్పెక్టరు, డైరెక్టరు ఉన్నారు. ఆమె అడిగిందని క్లబ్బు డాక్టరు కూడా వచ్చాడు. ఆయన నెరసిన జుట్టు, మెత్తటి మాట గలవాడు. ఫిజియోను వాంగ్మూలం కోసం స్టేషనుకు తీసుకుపోయారని అప్పుడే తెలిసింది. కూర్చోమని ఎవరూ అనలేదు గనుక గోల్‌కీపరు బల్లకు అటువైపున్న ఒంటరి కుర్చీ వెనక నిలబడి, కుడిచేతిని బల్ల మీద పెట్టాడు.



డాక్టరే ముందు కదిలాడు. దగ్గరికి వచ్చి, ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, కట్టు వెంట వేలితో తడిమాడు. ఆయన ముఖంలో రంగు దిగిపోయింది.

"ఎప్పుడైంది బాబూ ఇది?"

"తొమ్మిది రోజులండీ."

"నేను చూడలేదు," అన్నాడు డాక్టరు డైరెక్టరు వైపు తిరిగి. "దాచేదేముంది, తప్పు నాదే. చేతులు చూడలేదు."

తప్పు తనదని ఒప్పుకునే మనిషి ఆ గదిలో అంతవరకూ ఒక్కడూ కనిపించలేదు. ఇన్‌స్పెక్టరు సైతం ఆయన వైపు మర్యాదగా చూశాడు. తర్వాత తన పంతానికి తిరిగొచ్చాడు.

"మేడమ్, మీరు నాకు సాయమే చేశారు. బయటి ఆసుపత్రి పరీక్ష అంటూ ఏజెంటు పట్టుబట్టి కూర్చుంటే ఎవడి బండారం బయటపడుతుంది? వీడిదే. ఇంతకుముందు నాకు కారణం అరకొరగా ఉండేది. ఇప్పుడు పూర్తయింది."

"కారణం పూర్తయింది, చెయ్యే తక్కువైంది," అందామె. "ఈ చెయ్యి ఆ గ్లౌజులో దూరదు. ఆ కప్పు ఒంటిచేత్తో లేవదని నువ్వే చెప్పావు. కావాలంటే ఎత్తించి చూడు."

అతను ఎత్తించలేదు. ఆ ఉబ్బిన వేళ్ళ వైపు చూసి, గ్లౌజుల సంచిని పక్కకు జరిపాడు.

"ఆ షరతుకు నేను ఒప్పుకునే లేచాను," అన్నాడు డైరెక్టరు చిరాకుగా. "భోజనానికి దిగుతూ డాక్టరుగారికి కూడా చెప్పాను, ఆ ఏజెంటు ఆటగాళ్ళ పాత రిపోర్టులన్నీ తీసి ఉంచమని. అందులో చంపుకోవాల్సినంత ఏముంది?" ఆయన కోటు గుండీ పెట్టుకున్నాడు. గోల్‌కీపరుతో మాట్లాడేటప్పుడు అతని ముఖం వైపు కాకుండా చేతి వైపు చూశాడు. "చూడండీ, విరిగిన చేతికి నేను జీతం ఇవ్వలేను. ఆరింటి సంగతి ఇక మర్చిపోండి. క్లబ్బు ఫ్లాటు నెలాఖరుకు ఖాళీ చేస్తే చాలు."

ఒక బతుకు అంత క్లుప్తంగా ముగిసింది. గోల్‌కీపరు చేతిని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అలవాటు.

"అయితే ఆ గ్లౌజులు తీసిందెవరయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు ఉక్రోషంగా. "నువ్వెక్కడున్నావు అప్పుడు?"

"పక్క బాత్రూములోనే ఉన్నా సార్. వచ్చినవాడి అడుగులు విన్నాను. మళ్ళీ వింటే గుర్తుపడతాననుకుంటా."

"గోడకు చెవులుంటాయని విన్నాం. ఇవాళ చూశాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఎవరూ నవ్వలేదు.

డైరెక్టరు ఇంకో కీపరు కోసం ఫోనులో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. డాక్టరు తల వంచుకుని ఆయన వెనకే వెళ్ళాడు. ఇంటికి పోవచ్చని ఇన్‌స్పెక్టరు చేత్తో సైగ చేశాడు. గోల్‌కీపరు ఆమె దగ్గర ఒక్క క్షణం ఆగి, "బాబాయ్‌ని తీసుకెళ్ళడానికి సంతకం కావాలంటే నేను పెడతానక్కా. ఏ చేత్తోనైనా సరే కదా," అని, మెట్లవైపు నడిచాడు.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద మైదానం ఖాళీగా ఉంది. కొంతసేపటికి అతను కనిపించాడు. గోలు పక్కనుంచి నడుస్తున్నాడు. ఆట జరిగేటప్పుడు అతని జట్టు గోలు కొడితే అందరూ మైదానం ఆ చివర ఒకరి మీద ఒకరు పడి కౌగిలించుకుంటారు. ఈ చివర ఇతనొక్కడే ఎగిరి, తనకు తానే చప్పట్లు కొట్టుకుని, మళ్ళీ తన చోట నిలబడతాడు. ఆమె టీవీలో ఎన్నోసార్లు చూసింది. అదేమిటో, గోలు కొట్టినవాళ్ళ కంటే అతన్ని చూడటమే ఆమెకు అలవాటు. అతను స్తంభాన్ని ఎడమచేత్తో ఒకసారి తాకి, గ్యాలరీ కిందికి మలుపు తిరిగి కనుమరుగయ్యాడు.

"ఇంక చెప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు వెనకనుంచి. గొంతులో వెటకారం ఉన్నా, కింద ఎక్కడో పాత శిష్యరికం తొంగిచూసింది. "నా దొంగను వదిలించారు. మీ దొంగెవరు?"

"ఆ గ్లౌజుల్లోది చెమట పౌడరు కాదు. వైద్యులు వాడే పలచని గ్లౌజుల మీది పొడి. వాటి మీద ఇవి తొడిగారు. చర్మం దేనికీ తగలకూడదన్నది వాళ్ళకు చేతికొచ్చిన అలవాటు. అలాంటివాళ్ళు ఇక్కడ ఇద్దరే. ఫిజియో గది ఫిజియోది. బ్యాగు అక్కడుంటుందని అతనికి తెలుసు. నువ్వు స్టేషనుకు ఫోను చేసి అతన్ని కాస్త గట్టిగా అడుగు."

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. ఆరేళ్ళుగా దాచుకున్న నవ్వులా ఉంది.

"సూది మొద్దుబారింది మేడమ్. ఆ వేలికి కట్టు కట్టింది ఎవరు? ఫిజియో. ఆ చెయ్యి ఆ గ్లౌజులో దూరదని ఈ బిల్డింగు మొత్తంలో తెలిసినవాడు వాడొక్కడే. ఎవడైనా హత్య మీదెయ్యాలనుకుంటే పనికొచ్చే గ్లౌజులు వాడతాడు గానీ, పనికిరావని తెలిసిన గ్లౌజులు వాడతాడా? వీడి చేతులు బాగున్నాయని నమ్మినవాడెవడో వాడి ఉండాలి ఆ గ్లౌజులు."

అతని నవ్వు ఇంకా ఆగలేదు. ఆమె మాత్రం కిటికీ అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నమ్మినవాడు. పొద్దున గుండె, మోకాళ్ళు, చీలమండలు చూసి, అంతా బాగుందని రాసి సంతకం పెట్టినవాడు. భోజన విరామంలో, పాత రిపోర్టులన్నీ తీసి ఉంచమన్న మాట విన్నవాడు. జీతాలు ఆకాశానికెక్కిన ఈ రోజుల్లో, పనికిరాని మోకాలిని బాగుందనే ఒక్క మాట విలువ ఎంతో, అలాంటి మాటలు ఆయన ఎన్ని అమ్ముకున్నాడో బయటి ఆసుపత్రిలో ఒక్క రోజులో తేలిపోతుంది. ఇందాక ఆ చేతిని పట్టుకున్నప్పుడు ఆయన ముఖంలో రంగు దిగింది పశ్చాత్తాపంతో అనుకుంది ఆమె. అది, వేసిన ఎత్తు తన కళ్ళముందే విరిగిపోవడం చూసిన మనిషి ముఖం. ఆ తర్వాత ఆయన నిలబడి అంతా విన్నాడు. అడుగుల సంగతి కూడా.

"డాక్టరు ఎక్కడ?" అంది.

ఆ గొంతు ఇన్‌స్పెక్టరుకు గుర్తుంది. నవ్వు ఆపి గుమ్మంలోకి పరిగెత్తాడు. కింద కాపలా ఉన్న కానిస్టేబులు మెట్ల మీంచి జవాబు చెప్పాడు:

"ఇప్పుడే వెళ్ళారు సార్. గోడగారి వేలు వంకరగా అతుక్కుంటుందని, ఎక్స్‌రే తీయిస్తానని తన కార్లో ఎక్కించుకెళ్ళారు. పాపం, మంచాయన."

ఈ గదిలో తివాచీ ఉంది. డాక్టరు వచ్చినప్పుడు గానీ, వెళ్ళినప్పుడు గానీ చప్పుడు కాలేదు. కార్లు నిలిపేచోట ఉన్నది సిమెంటు నేల. కారు దాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచి ఉంటారు. గోల్‌కీపరు ఆ నడక విని ఉంటాడు. గుర్తుపట్టి ఉంటే ఆ మాట ముఖంలో దాచుకోవడం అతనికి చేతకాదు.

సంఘం వాళ్ళు ఇచ్చిన గోల్‌కీపరు నంబరుకు ఆమె ఫోను చేసింది. ఒకసారి మోగింది. రెండోసారి మోగింది.

బల్ల మీద, అతని బ్యాగులోంచి తీసి ఇన్‌స్పెక్టరు వరసగా పేర్చి సీలు వేసిన సాక్ష్యాల సంచుల్లో ఒకటి సన్నగా వణికి, లోపలినుంచి వెలిగింది.